ప్రింట్ల నల్లగొచ్చిన అవ్వ బొట్టు

“నేను సచ్చిన్నారా? సప్పుడు జెయ్యవేంది, చెప్పు. నేను సచ్చిన్నా?”

అడిగింది మా తాత. వాకిట్ల మంచం మీద కూసున్నడు. ఒక చేతిల చాయ్ గిలాస, ఇంకో చేతిల నేను అప్పుడే ప్రింట్ తీసిచ్చిన మా అవ్వ ఫోటో. చాయ్ తాగుకుంట నేను సచ్చిన్నా అని అడిగే మనిషికి ఏం జవాబు చెప్పాలె? “లేదు తాత, మంచిగనే ఉన్నవ్” అన్న.

“మంచిగుంటె మీ అవ్వకు నల్లబొట్టు ఎందుకు వెట్టినవ్‌రా?”

ఫోటో గుంజుకొని సూసిన. నిజమే. మా దిక్కు మొగడు పోయిన ఆడోళ్లు నల్లబొట్టు పెట్టుకుంటరు, మొగడున్నోళ్లు ఎర్రగ కుంకుమ పెట్టుకుంటరు. మానిటర్ల అవ్వ బొట్టు టమాట లెక్క ఎర్రగ ఉండె. కాయితం మీదికి వచ్చేసరికి బొగ్గయింది.

అవ్వ పోయి అప్పటికి నాలుగొద్దులు. పదకొండో నాడు దినాలు. చుట్టాలందరు వచ్చి ఆ ఫోటో ముంగటనే దండం పెట్టుకునేది. అంటే బొట్టు ఎర్రగ జేసెతందుకు నాకు ఏడొద్దుల టైం ఉన్నది. ఎర్రగనైతే జేసిన. కానీ ఆ తిప్పలు ఇప్పటిదాంక తెగలే. అందుకే మీ నెత్తిన ఏస్తున్న, ఇనుండ్రి.

మాది శామీర్‌పేట. తాత చెరువుల చేపలు పడ్తడు. బాపు మేడ్చల్ దిక్కు ఫ్యాక్టరీల పని. నేను ఇంజనీరింగ్ రెండో ఏడాదిల ఇడిసిపెట్టిన. ఎందుకని మీరు అడగకుండ్రి, అడిగెతందుకు మా ఇంట్ల చానమంది ఉన్నరు. ముందట రూంల ఒక ఇంక్ ట్యాంక్ ప్రింటర్ పెట్టుకొని జిరాక్సులు, పాస్‌పోర్ట్ సైజ్ ఫోటోలు తీస్తుంట. మానిటర్ సెకండ్ హ్యాండ్ది. తూంకుంట కాలనీల ప్రసాద్ అంకుల్ అని ఉంటడు, గోదావరి దిక్కు నుంచి వచ్చి సాఫ్ట్‌వేర్ల జేస్తడు. ఆదివారం ఆదివారం మా తాత తెప్ప ఎక్కి చెరువుల పిట్టల ఫోటోలు తీసుకుంటడు. ఆయన కొత్త మానిటర్ కొనుక్కొని పాతది నాకిచ్చిండు.

బాపు ముందుగాలనే అన్నడు, మేడ్చల్ల స్టూడియోకు పోయి ఫోటో కట్టిచ్చుకొని రమ్మని. నేనే ఇనలే. ఇంట్ల ప్రింటర్ ఉండంగ బయటికెందుకు బాపు, నేను తీస్త అన్న. బాపు నన్ను కింది నుంచి మీదికి సూసిండు. “సరే. గిదన్న సక్కగ జెయ్యి” అన్నడు. ఆ ‘అన్న’ నాకు ఇంకా చెవులల్లనే ఉన్నది.

ఫోటో నా ఫోన్లదే. అవ్వను దవాఖాన్లకెల్లి ఇంటికి తెచ్చినంక, ఒకనాడు పొద్దుగాల గడప మీద కూసున్నప్పుడు తీసిన. మొఖం సగం నీడల ఉన్నది. అయినా నవ్వింది. ఆమె నవ్విన ఫోటో మాకు అదొక్కటే ఉన్నది.

తాతకు బొట్టు మీద గంత పట్టింపు ఎందుకో అప్పుడు నాకు సగమే అర్థమైంది. అవ్వ పోయిన నాడు వాడకట్టు ఆడోళ్లంత ఒక్కటే మాట అన్నరు. “మొగడు ఉండంగ పోయింది, పుణ్యస్త్రీ, పసుపు కుంకుమతోని పోయింది.” తాత గోడకు ఒరిగి కూసొని ఆ మాట ఇన్నప్పుడల్ల తల ఊపిండు. పొద్దంత ఆయనకు పట్టుకోనీకి దొరికింది గా ఒక్క మాటనే. నేను దాన్ని ఒక గ్లాసీ ఫోటో పేపర్ మీద గుంజుకున్న.

సరే, కంప్యూటర్ ముందట కూసున్న. బొట్టు నల్లగుంటె ఏం జెయ్యాలె? ఎరుపు పెంచాలె. పెంచిన. ప్రింట్ తీసిన. బొట్టు కొంచెం ఎర్రగైంది. దాంతోని మొఖం గూడ ఎర్రగైంది. ముక్కు, చెంపలు, ఆఖరికి ఎంటికలు గూడ.

అమ్మ వంటింట్లకెల్లి వచ్చి సూసింది. “మా అత్త కల్లు తాగినా గింత ఎర్రగ కాకపోవురా” అని లోపలికి పోయింది. నవ్విందో ఏడ్సిందో తెల్వలే. కొంగు మూతికి అడ్డం పెట్టుకున్నది.

అప్పుడు నాకు ఒక ఐడియా వచ్చింది. నా దగ్గర అసలు కుంకుమ ఉంటె మానిటర్ పక్కకు పెట్టి రంగు సూసుకుంట జెయ్యొచ్చు గద. దేవునర్రల కుంకుమ భరిణె ముట్టబోయిన. అమ్మ ఉరికొచ్చి చెయ్యి మీద కొట్టింది.

“మైల ఉన్నది ఇంట్ల. పదొద్దులు అయ్యేదాంక కుంకుమ ముట్టొద్దు. మేము ఎవరమన్న పెట్టుకున్నమా సూడు.”

సూసిన. అమ్మ నుదురు బోసిగ ఉన్నది. అప్పటిదాంక నేను గమనించనే లేదు. ఇంట్ల మనిషి మొఖం సూడక ఇన్నొద్దులు మానిటరే సూసిన.

కుంకుమ లేదు. మరి ఇంట్ల గ్యారంటీగ ఎర్రగ ఉండేది ఇంకేమున్నది? గ్యాస్ బండ. ఖాళీ బండను ముందట రూంలకు దొర్లిచ్చుకొచ్చి టేబుల్ పక్కకు నిలవెట్టిన. ఒక కన్ను బండ మీద, ఒక కన్ను బొట్టు మీద. మూడు గంటలు కష్టపడ్డ. మొఖాన్ని ముట్టకుంట ఉత్త బొట్టునే సెలెక్ట్ జేసి రంగు మార్చిన. ఈసారి మానిటర్ల బొట్టు, బండ, రెండు కవల పిల్లల లెక్కున్నయ్. ప్రింట్ తీసి తాతకిచ్చిన.

తాత చాన సేపు సూసిండు. ఆయనకు నేను బండ దొర్లిచ్చిన ముచ్చట ఏం ఎర్కలేదు, అప్పుడు చెరువు కాడ ఉన్నడు.

“గిది బొట్టు గాదురా” అన్నడు. “గిది గ్యాస్ బండ లెక్కున్నది.”

ఇగ నాతోని గాదనుకొని, మొదటి ప్రింట్ కవర్ల పెట్టుకొని బండి తీసిన. ప్రసాద్ అంకుల్ లాప్‌టాప్ ముందు హెడ్‌ఫోన్స్ పెట్టుకొని మీటింగ్‌ల ఉన్నడు. నన్ను సూసి మ్యూట్ కొట్టిండు. అవ్వ పోయిన సంగతి ఆయనకు ఎర్కనే. ప్రింట్ కిటికీ కాడికి తీస్కపోయి సూసిండు.

“మానిటర్ బ్రైట్‌నెస్ ఎంతలో పెట్టావ్?”

“ఫుల్ల ఉన్నది అంకుల్.”

“ఫుల్లా? అదేనయ్యా మరి. నీ మానిటర్ నీకు అబద్ధం చెప్తోంది. దాని వెనకాల లైటుంటుంది, కాయితం వెనకాల ఉండదు కదా. నువ్వేమో ఆ వెలుగు చూసి ఫోటో బాగుందనుకుంటున్నావ్. ముందు మానిటర్ని తగ్గించు. ప్రింట్ పక్కన పెట్టుకుని, రెండూ ఒక్కలా కనపడేదాకా తగ్గించు. సరేనా? ఆ తర్వాత...”

ఆ తర్వాత ఏంటిదో నేను ఇనలే. హెల్మెట్ పెట్టుకున్న. నేను కాలేజ్‌ల గూడ సగం క్లాసుకే లేసొచ్చినోన్ని. ఆయన వెనుక నుంచి “ఆగవయ్యా, ఇంకా అవలేదు” అంటనే ఉన్నడు. థ్యాంక్స్ అంకుల్ అని బండి స్టార్ట్ జేసిన.

ఇంటికొచ్చి చెప్పింది చెప్పినట్టు జేసిన. ప్రింట్‌ను మానిటర్ పక్కకు అంటిచ్చి బ్రైట్‌నెస్ తగ్గించుకుంట పోయిన. ఎనభై, అరవై, నలభై. కాంట్రాస్ట్ తగ్గించిన. ఇంకొంచెం. ఆగు. మ్యాచ్. నిజంగ చెప్తున్న, అణువంత తేడా లేదు. ఐదొద్దుల నుంచి కొట్లాడుతున్న రెండు రంగులు ఒక్కటైనయ్. నాకు ఇంజనీరింగ్ పాసైనంత సంబురమైంది. పాసైతే ఎట్లుంటదో నాకు తెల్వది, గట్లనే ఉంటదనుకుంట.

“తాత, జల్దీ రా. అమ్మ, నువ్వు గూడ. మ్యాచ్ అయింది.”

ఇద్దరొచ్చిన్రు. తాత ముందు కాయితం సూసిండు. నల్లబొట్టు. తర్వాత మానిటర్ సూసిండు. నల్లబొట్టు.

తాత మానిటర్ కాడికి వంగి, యేలుతోని బొట్టు మీద తట్టిండు. ఆయన దాన్ని టీవీ అంటడు.

“నిన్న గీ టీవీలన్న ఎర్రగ ఉండెరా. దాన్ల గూడ సంపినవా నన్ను?”

నేను అప్పుడు సూసుకున్న ఏం జేసిన్నో. కాయితాన్ని బాగు జేసి మానిటర్ లెక్క చేయాల్సింది పోయి, మంచిగున్న మానిటర్‌ను కరాబ్ జేసి కాయితం లెక్క చేసిన. రెండు మ్యాచ్ అయినయ్. రెండిట్ల మా తాత లేడు.

తాత తిట్టలే. తిడితే మంచిగుండు. తువ్వాల భుజం మీదేసుకున్నడు. “దినాల నాడు గా ఫోటో ముంగట నేను కూసోను. నేను లేనోన్ని అయితి గద. చెరువు కాడికి పోత” అన్నడు. అన్నం పెట్టినా తినలే.

భర్త లేకుంట భార్య దినాలు ఎట్ల జేస్తరు? బాపు షిఫ్ట్ నుంచి వచ్చి, సంగతి ఇని, నా దిక్కు సూడకుంట అమ్మతోని అన్నడు. “నీ కొడుక్కు చెప్పు, రేపు స్టూడియోకు పోత నేను.” ఒక్క ఇంట్ల, మూడు అడుగుల దూరంల నిలవడ్డ నాకు అమ్మ చెప్పాల్నట.

బాపు స్నానానికి పోయినంక అమ్మ నా పక్కకొచ్చి కూసున్నది.

“నీకో ముచ్చట తెల్వదు. మీ అవ్వకు చేతులు వణికేటివి గద, ఆఖరి రెండు నెలలు బొట్టు పెట్టుకోరాలే. అంకర టింకర వచ్చేది. నేను పెడ్త అత్తమ్మ అంటె వద్దన్నది. ఒకనాడు సూస్త, మీ తాత తలుపు దగ్గరికేసి ఆమెకు బొట్టు పెడ్తున్నడు. నన్ను సూసి సిగ్గుపడి చేతులు తువ్వాలకు తుడుసుకున్నడు. రోజు ఆయననే పెట్టిండు, పోయేదాంక. నీ ఫోటోల ఉన్నది మీ తాత పెట్టిన బొట్టు.”

ఫోన్ తీసి ఫోటో పెద్దగ జేసి సూసిన. బొట్టు నిజంగనే గుండ్రంగ లేదు. ఎడమ పక్కకు కొంచెం జారి ఉన్నది. నేను గ్యాస్ బండ రంగు ఏసినప్పుడు దాన్ని గుండ్రంగ గూడ జేసిన. నీట్‌గ ఉంటదని.

అంకుల్‌కు ఫోన్ జేసిన. “అంకుల్, ఆ తర్వాత ఏంది?”

ఆయన ఏం తిట్టలే. “చెప్పానుగా, ఇంకా అవలేదని. మానిటర్ని అలాగే ఉంచు. ఇప్పుడు అందులో ఫోటో నల్లగా కనపడుతోంది కదా, అదే నిజం. ఇప్పుడు ఫోటోని వెలుగులోకి తీసుకురా. బొట్టు ఒక్కటీ కాదు, మొత్తం. ప్రింటర్లో పేపర్ ఏ రకం పెట్టావ్?”

సూసిన. సెట్టింగ్‌ల మామూలు కాయితం అని ఉన్నది. ట్రేల ఫోటో పేపర్. జిరాక్సుల సెట్టింగ్ మీదనే మా అవ్వను తీసిన ఇన్నొద్దులు. ఇంక్ ఎక్కువ పోసి మొత్తం ముద్ద జేసింది ప్రింటర్.

ఈసారి ఫోన్ పెట్టెయ్యలే. నలభై నిమిషాలు ఆయన చెప్పిందంత ఇన్న. నా జీవితంల ఒక పాఠం చివరిదాంక ఇన్నది అదే. అసలు ఫోటో మల్ల మొదటికెల్లి తీసుకొని, నీడ తగ్గించి, ప్రింట్ తీసి, ఆరేదాంక ముట్టకుంట కూసొని, కిటికీ కాడ పట్టుకొని సూసిన. జారిన బొట్టు జారినట్టే, ఎర్రగ, కొంచెం ఎండిన కుంకుమ రంగుల వచ్చింది. తాతకు వాకిట్ల ఇచ్చిన.

ఆయన ఫోటోను దగ్గరికి పట్టుకున్నడు, దూరం పట్టుకున్నడు. బొట్టు జారిన కాడ బొటనయేలు పెట్టిండు.

“ఆఁ. గిదే” అన్నడు.

గంతే. బాపు సైకిల్ మీద పోయి ఫ్రేమ్ కట్టిచ్చుకొచ్చిండు. స్టూడియో ముచ్చట ఎత్తలే. ఈడికి ఆపితే కథ మంచిగుండు గద?

దినాల నాడు ఎండ మండుతాంది. బాపు వాకిలంత కప్పి పెద్ద నీలం ప్లాస్టిక్ తాటిపత్రి పందిరి లెక్క కట్టిండు. దాని కింద కుర్చీ, కుర్చీల ఫోటో, ఊదుబత్తులు. తాత తెల్ల బట్టలేసుకొని వచ్చి ముంగట కూసుంటున్నడు, ఇంతల మా మేనత్త వచ్చింది. తాత బిడ్డ. తల్లి ఫోటో సూసి గొల్లున ఏడ్సి, పళ్లెంలకెల్లి కుంకుమ తీసి, ఫ్రేమ్ అద్దం మీద, సరిగ్గ అవ్వ నుదుటి కాడ, బొటనయేలితోని ఇంత మందం అద్దింది.

అద్దాలె గద. ఎవరి దినాలకు పోయినా అద్దుతరు. పుట్టినప్పటి నుంచి సూస్తున్న, ఫోటో అనంగనే నుదుటి మీద కుంకుమ పెడ్తరు, కింద ఏమున్నదో ఎవ్వనికి కనబడది. ఏడొద్దులు, పన్నెండు షీట్లు, ఒక గ్యాస్ బండ. నాకు ఒక్కసారి గూడ గుర్తు రాలే.

కానీ తాత లేసిండు. తువ్వాల కొసతోని అద్దం మీద కుంకుమ తుడిసిండు.

మేనత్త కెవ్వుమన్నది. “బాపు, అమ్మ బొట్టు తుడుస్తున్నవా? నీ చేతులతోని తుడుస్తవా?”

మొగడు చేతులార బొట్టు తుడుసుడంటే ఏందో మీకు నేను చెప్పే పని లేదు.

“అది తీస్తె నేను వెట్టింది ఉన్నది బిడ్డ” అన్నడు తాత. “సూడు.”

అందరు సూసిన్రు. నేను గూడ సూసిన. బొట్టు నల్లగ ఉన్నది.

బొగ్గు లెక్క, మొదటి నాటి లెక్క, నల్లగ. అందరి చూపు ఫోటో మీదికెల్లి నా మీదికొచ్చింది. భూమి పగిలితే దూకేటోన్నే. తల దించుకోబోయి అమ్మ మొఖం సూసిన. పదొద్దుల తర్వాత అమ్మ పెట్టుకున్న బొట్టు నల్లగున్నది. మేనత్తది నల్లగున్నది. ఆ తాటిపత్రి కింద ఉన్న ఆడోళ్లందరివి నల్లగనే ఉన్నయ్.

వెనుక వరుసల అంకుల్ లేసి నిలవడి, “అంటే ఏంటంటే, నీలం వెలుతురులో ఎరుపు రంగు నల్లగా...” అని మొదలువెట్టిండు. కర్మకాండల క్లాసు ఎవరింటరు? బాపు ఆయనను భుజం పట్టి కూసోవెట్టిండు.

తాతకు మాత్రం ఆ సగం మాటనే సాలింది. ఫోటోను కుర్చీతోని సహా ఎత్తుకొని ఎండలకు పోయిండు. నడి ఎండల కుర్చీ పెట్టి, దాని ముంగట మట్టిల కూసున్నడు. బొట్టు ఎర్రగైంది. మండింది ఎరుపు. మా చుట్టాలందరు, ముసలోళ్లు, పసిపిల్లల తల్లులు, కొంగులు నెత్తి మీద కప్పుకొని లైన్ కట్టి ఎండలకు వచ్చి దండం పెట్టుకున్నరు. నీడంత ఖాళీగున్నది. నన్ను తిట్టుకుంటనే పోయిన్రు, కాళ్లు కాలుతున్నయని.

పొయ్యేటప్పుడు అంకుల్ నన్ను పక్కకు పిలిసిండు. “ఒకటి చెప్తాను, ఈసారి పూర్తిగా విను. నీ ప్రింటర్ ఇంకు ఎండకి నిలవదు. అన్నిటికన్నా ముందు ఎరుపే పోతుంది. ఫోటోని ఎండలో పెట్టనివ్వకు.”

పూర్తిగ ఇన్న. కానీ తాతకు ఎట్ల చెప్పాలె? మాది రేకుల ఇల్లు, లోపల మస్తు చీకటి. ఆ చీకట్ల బొట్టు మల్ల నల్లగనే కొడ్తది. అందుకే ఆ దినం నుంచి తాత రోజు పగటీలి, ఎండ నడినెత్తికి రాంగ, ఫోటోను తెచ్చి వాకిట్ల ఎండల స్టూల్ మీద పెడ్తడు. ఎదురుంగ కూసొని చాయ్ తాగుతడు. ఏదో మాట్లాడుతడు, నేను ఇనబోను.

మూడు వారాలకు బొట్టు నారింజ రంగుకు తిరిగింది. నాకు తప్ప ఎవ్వరికి కనబడలే. ఒక శుక్కురారం పొద్దుగాల, తాత చెరువుకు పోయినంక, ఫ్రేమ్ వెనుక మొలలు తీసి కొత్త ప్రింట్ పెట్టి మల్ల బిగిచ్చిన. పగటీలి తాత కూసొని సూసి, “ఇయ్యాల మంచి కళగున్నదిరా మీ అవ్వ” అన్నడు. కొత్తది మరీ ఎర్రగున్నదన్నట్టు.

అప్పటి నుంచి రంగు కొంచెం ఎలిసినట్టు జేసి తీస్తున్న, మొన్నటి శుక్కురారానికి, ఈ శుక్కురారానికి తేడా తెల్వకుంట. నేనిప్పుడు మానిటర్‌కు మ్యాచ్ జేస్తలేను. ఎండకు మ్యాచ్ జేస్తున్న.

నిన్న తాత మా మేనత్తతోని ఫోన్ల అంటుండు. “అందరి ఫోటోలు ఎలిసిపోతయ్ బిడ్డ. మీ అమ్మది సూడు, ఇసుమంత ఎలవలే. నేను రోజు పోయి కూసుంటున్న గద, గందుకే.”

చెప్తే ఆయన ఫోటోను చీకట్ల పెట్టుకోవాలె. చెప్పకుంటె నేను ప్రతి శుక్కురారం దొంగ లెక్క మొలలు గుంజాలె. నేనేమో ఏ పని ఎన్నొద్దులు జేస్తనో నాకే నమ్మకం లేదు. మీరైతే ఆయనకు చెప్తరా?